చదివిన ఉత్తరం, గడిచిన గడువు

గత సంవత్సరం మా మదరసాలో చదివి వెళ్ళిన విద్యార్థి ఒకడు ఫోన్ చేసి, "ఉస్తాద్‌గారూ, కాలేజీవారి ఉత్తరం తమకు అందలేదా?" అని అడిగాడు. ఉత్తరం అందింది. దానిని మేము చదివాము కూడా. అతని ధ్రువపత్రం మేమిచ్చినదేనని పది రోజులలోగా నిర్ధారించవలసిందిగా అందులో కోరారు. రెండు పాఠాల నడుమ విరామంలో చదివి, అస్ర్ నమాజు తరువాత జవాబు వ్రాద్దామనుకున్నాము. సాయంత్రానికి మరికొన్ని ఉత్తరాలు వచ్చి దానిని క్రిందికి నెట్టివేశాయి. అతడు ఫోన్ చేసేనాటికి పంతొమ్మిది రోజులు గడిచాయి. సీటు మరొకరికి వెళ్ళిపోయింది. ఆ అబ్బాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లనే కాబోలు, ఆ సంగతి నేటికీ మా మనసులో ముల్లులా ఉన్నది.

పూర్వం ఇంటికి ఉత్తరం వస్తే, చదివి జవాబు వ్రాసిన తరువాతనే దూలానికి వ్రేలాడే ఇనుప తీగకు గుచ్చేవారు. జవాబు వ్రాయవలసినది బల్లపై కళ్ళెదుటే ఉండేది. ఈమెయిల్ వచ్చిన తరువాత మనము ఆ రెండింటినీ ఒకటి చేశాము. కొత్తవి, పాతవి, జవాబిచ్చినవి, ఇవ్వవలసినవి అన్నీ ఇన్‌బాక్స్‌లోనే పడి ఉంటాయి. ఒకసారి తెరిచి చూస్తే చాలు, మందమైన అక్షరాలు మామూలు అక్షరాలుగా మారి, పని పూర్తయినట్లే భ్రమ కలిగిస్తాయి. చదవడం వేరు, నెరవేర్చడం వేరు.

గడువు పెట్టి ఇచ్చిపుచ్చుకొనే అప్పును వ్రాసి ఉంచుకోవాలని దివ్య ఖురాన్ బఖరా సూరాలోని 282వ ఆయత్ బోధిస్తుంది. ఖురాన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ అదే. దానిని ఏళ్ళ తరబడి పిల్లలకు బోధిస్తున్న మేము, మా చేతికి వచ్చిన గడువును మాత్రం ఎక్కడా వ్రాసిపెట్టుకోలేదు.

మా కార్యాలయపు కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ పేరు థండర్‌బర్డ్. మొజిల్లా సంస్థ దీని 1.0 వెర్షన్‌ను 2004 డిసెంబరులో విడుదల చేసింది. ఇది ఉచితం, విండోస్‌లోను, లినక్స్‌లోను పనిచేస్తుంది. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుండి క్యాలెండర్ కూడా ఇందులో అంతర్భాగమైంది. ఇన్నాళ్ళూ దీనిని ఉత్తరాలు చదవడానికి మాత్రమే వాడుకున్న మేము, ఆ సంఘటన తరువాత మా యువ ఉపాధ్యాయుడొకరి ప్రక్కన కూర్చుని కొన్ని పద్ధతులు నేర్చుకున్నాము. ఇంట్లో గాని, దుకాణంలో గాని కంప్యూటర్‌పై ఉత్తరాలు చూసుకొనే పాఠకులకు అవి ఉపయోగపడగలవని ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదటిది, ఉత్తరాలను వేరు చేయడం. ఆల్ట్ కీ నొక్కితే పైన మెనూ కనిపిస్తుంది. అందులో టూల్స్, దాని క్రింద మెసేజ్ ఫిల్టర్స్ ఉంటాయి. ఫలానా చిరునామా నుండి వచ్చినవి ఫలానా ఫోల్డర్‌లోకి పోవాలని అక్కడ ఒక్కసారి చెబితే చాలు. బ్యాంకు సమాచారం ఒక ఫోల్డర్‌కు, ప్రకటనలు మరొక దానికి వాటంతట అవే చేరుకుంటాయి. రన్ నౌ అనే మీట నొక్కితే పాత ఉత్తరాలు కూడా సర్దుకుంటాయి. ఔట్‌లుక్ వాడేవారు ఇదే పనికి రూల్స్ అనే పేరు చూస్తారు. అయితే మనుషులు స్వయంగా వ్రాసిన ఉత్తరాలను మాత్రం ఇన్‌బాక్స్‌లోనే ఉండనివ్వండి. కళ్ళెదుట ఉండవలసినవి అవే.

రెండవది, గుర్తు పెట్టడం. ఉత్తరాన్ని ఎంచుకొని 4 అంకె నొక్కితే, చేయవలసిన పని అనే అర్థమిచ్చే టు డూ గుర్తు పడి, ఆ వరుస రంగు మారుతుంది. పని ముగిశాక 0 నొక్కితే గుర్తు తొలగుతుంది. తరువాత ఎ అక్షరం నొక్కితే ఉత్తరం ఆ సంవత్సరపు ఆర్కైవ్ ఫోల్డర్‌లోకి వెళుతుంది. పాతకాలపు ఇనుప తీగ అదేననుకోండి. అక్కడ చేరినది పోదు; కంట్రోల్, కె కీలు కలిపి నొక్కి పేరు వ్రాస్తే మళ్ళీ దొరుకుతుంది.

మూడవది అన్నింటికన్నా ముఖ్యం. గడువు ఉన్న ఉత్తరాన్ని క్యాలెండర్‌కు ఎక్కించాలి. ఉత్తరంపై మౌస్ కుడి మీట నొక్కి, కన్వర్ట్ టు అన్న చోట ఈవెంట్ ఎంచుకుంటే, ఉత్తరపు విషయమే శీర్షికగా ఒక కొత్త నమోదు తెరుచుకుంటుంది. తేదీ మనమే సరిచూసి వేయాలి. మేము గడువు తేదీని గాక, దానికి మూడు రోజుల ముందు తేదీని వేస్తాము. రిమైండర్ కూడా పెడతాము. ఒక జాగ్రత్త: కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు గాని, థండర్‌బర్డ్ మూసి ఉన్నప్పుడు గాని రిమైండర్ మనలను పిలవలేదు. అందుకని ప్రతి ఉదయం పాఠాలకు ముందు దానిని తెరిచి, ఆ వారపు పేజీ చూడడం అలవాటు చేసుకున్నాము.

ఇక్కడ మేము చేసిన మరొక పొరపాటు చెప్పాలి. వార్షిక పరీక్షల తేదీని నమోదు చేసి, ప్రతి సంవత్సరం పునరావృతం కావాలని ఆదేశించాము. మా విద్యా సంవత్సరం షవ్వాల్‌లో మొదలై షాబాన్‌లో ముగుస్తుంది. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 రోజులే. అందువల్ల మరుసటి ఏడాది పరీక్షలు దాదాపు పదకొండు రోజులు ముందుకు జరిగాయి. క్యాలెండర్ మాత్రం పాత తేదీనే చూపింది. ఫీజు రసీదులు, విద్యుత్ బిల్లు, జుమా నాటి సమావేశం వంటివాటికి పునరావృతం చక్కగా పనికివస్తుంది. రమజాన్, ఈద్, మదరసా పరీక్షలను మాత్రం ఏటికేడు కొత్తగా నమోదు చేసుకోవాలి. నెలవంక కనిపించిన పిదప ఒక రోజు అటూ ఇటూ సరిచేయవలసి రావచ్చునని కూడా గుర్తుంచుకోవాలి.

నాలుగవది, పదే పదే వ్రాసే జవాబులు. ధ్రువపత్రం నిర్ధారణ, ప్రవేశాల వివరాలు వంటివి మేము ప్రతిసారీ మొదటి నుండి వ్రాసేవాళ్ళము. ఆ శ్రమకు బద్ధకించే చాలా జవాబులు వాయిదా పడేవి. ఇప్పుడు ఒక జవాబును తీరికగా, తప్పులు లేకుండా వ్రాసి, సేవ్ యాజ్ అన్న చోట టెంప్లేట్‌గా భద్రపరిచాము. దానిని తెరిచి పేరు, తేదీ మార్చితే అయిదు నిమిషాలలో జవాబు సిద్ధం.

చివరిగా, ఉత్తరాలన్నీ మీ కంప్యూటర్‌లోనే నిలువ ఉండే ఏర్పాటు అయితే, అది చెడిపోయిన రోజున అవి కూడా పోతాయి. నెలకొకసారి థండర్‌బర్డ్‌ను మూసివేసి, దాని ప్రొఫైల్ ఫోల్డర్‌ను మరొక డిస్క్‌లోకి నకలు చేసుకోండి. హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ పేజీ ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూపుతుంది.

ఇవన్నీ ఒకే రోజున చేయబూనుకుంటే విసుగు పుడుతుంది. ఈ రాత్రి మీ ఇన్‌బాక్స్‌లో గడువు ఉన్న ఉత్తరాన్ని ఒక్కదానిని వెదకండి. పిల్లల ఫీజు కావచ్చు, పాస్‌పోర్టు కావచ్చు, దూరదేశంలో పనిచేస్తున్న కొడుకు అడిగిన కాగితం కావచ్చు. దానిని క్యాలెండర్‌లో వేసి నిద్రపోండి.

గత నెలలో మరొక కాలేజీ నుండి అటువంటి ఉత్తరమే మాకు వచ్చింది. మూడవ రోజున జవాబు వెళ్ళింది. దానివల్ల ఆ మొదటి విద్యార్థికి సీటు తిరిగి రాలేదు. ఆ ఉత్తరాన్ని మేము ఆర్కైవ్‌లో చేర్చలేదు. 4వ అంకె గుర్తుతో అది నేటికీ మా ఇన్‌బాక్స్‌లోనే ఉన్నది.