పాఠమునకును ద్వారము వలయును

విద్య యెల్లరకు నని పలుకుట సులభము; ఆ విద్య యెల్లరకు నందునట్లు పాఠమును రచించుట కష్టము. మొదటి పనికి వేదికయు, పూలమాలయు చాలును. రెండవ పనికి నేర్పు, ఓర్పు, కాలము, ద్రవ్యము కావలెను. మన దేశమున మొదటి పని కొదువలేక జరుగుచున్నది. రెండవదానిని గుఱించి నేడు మా పాఠకులతో కొంత ముచ్చటింపఁ దలఁచితిమి.

హైదరాబాదు పాతనగరమున ఉప్పుగూడ యను పేట కలదు. ఫలక్‌నుమాకుఁ బోవు రైలుమార్గమున యాకుత్‌పురా దాటిన పిమ్మట వచ్చు స్టేషను అదియే. ఆ పేటలో నొక సామాన్య గృహమును, అందు నిరువురు బిడ్డలను మనస్సున నూహింతము. అన్నకుఁ జూపు లేదు. చెల్లెలికి వినికిడి లేదు. అన్న దూరవిద్యలో డిగ్రీ చదువుచున్నాఁడు. చెల్లెలు ఉన్నత పాఠశాలలో నున్నది. ఇరువురకును సెల్‌ఫోను కలదు. అన్న పాఠ్యపుస్తకపు పి.డి.ఎఫ్. తెఱచి, తెరమీఁది యక్షరములను చదివి వినిపించు స్క్రీన్ రీడరును నడపెను. అది తెలుగు పలుకుటకు మాఱుగా అర్థములేని యాంగ్లాక్షరములను గొణిగినది. మఱియొక పుస్తకమును తెఱవఁగా పుటలో నేమియు లేనట్లు మౌనము వహించినది. చెల్లెలు విజ్ఞానశాస్త్రపు వీడియోను తెఱచెను. అందు గ్లాసులోని నీట ఉప్పు కరఁగుట చూపుచున్నారు. ఉపాధ్యాయుని పెదవులు కదలుచున్నవి. తెర యడుగున అక్షరములు లేవు. ప్రక్కన సైగలతోఁ జెప్పువారు లేరు. ఉప్పు కంటికిఁ గానరాకుండ పోవుట ఆ బాలిక చూచినది. ఏల పోయెనో, ఎచటికిఁ బోయెనో యామెకుఁ దెలియలేదు.

ఈ గృహము మా యూహయే. కాని 2011 జనాభా లెక్కలలో వికలాంగులుగా నమోదైనవారు మన దేశమున 2 కోట్ల 68 లక్షలమంది. ఇట్టి గృహములు లేవని చెప్ప సాహసించువారెవరు? ఆ బిడ్డలలో తెలివికిఁ గొఱఁత లేదు, శ్రద్ధకుఁ గొఱఁత లేదు. కొఱఁత పాఠమునందుఁ గలదు. దానిని రచించినవారు తమవలెఁ జూడఁగలవారిని, తమవలె వినఁగలవారిని మాత్రమే యెదుట నుంచుకొని రచించిరి. గోడ కట్టిరి గాని ద్వారము పెట్టుట మఱచిరి.

పూర్వ మీ లోపము కొంతవఱకు మఱుఁగుపడి యుండెను. తరగతిలో ఉపాధ్యాయుఁడు ప్రక్కనే యుండుటచేత, పుస్తకము చెప్పనిదానిని నోటితోనో, చేతితోనో చెప్పెడివాఁడు. నేఁడు పాఠము ఉపాధ్యాయుని విడిచి యొంటరిగా ప్రయాణము చేయుచున్నది. కరోనా మహమ్మారి కాలమున, 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి, తెలంగాణములోని ప్రభుత్వ పాఠశాలల పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల మూలమున ఇండ్లకు వచ్చినవి. పాఠశాలలు మరల తెఱచిరి గాని, తెరమీఁది పాఠము మాత్రము వెనుకకుఁ బోలేదు. ఒంటరిగా వచ్చు పాఠము తనకుఁ దానే గురువు గావలెను. కనుక దానిలోని లోటును దిద్దువారు మఱి లేరు.

ఈ కారణముచేతనే పాఠ్యరూపకల్పన యను వృత్తి యొకటి లోకమున ఏర్పడినది. శాస్త్రము తెలిసిన పండితునకును, దానిని నేర్వఁగోరు విద్యార్థికిని నడుమ నిలుచువాఁడు పాఠ్యరూపకర్త. ఈ పాఠము ముగియునప్పటికి విద్యార్థి యేమి చేయఁగలుగవలెను? దేనితో నారంభింపవలెను? ఎచట నాఁగి ప్రశ్న వేయవలెను? ఇవి యాతని చింతలు. పాఠము అంధులకు, బధిరులకు, చేయి సరిగా నాడనివారికి, చదువుటలో నాలస్యము గలవారికి కూడ నందునట్లు చేయుట యీ వృత్తిలోని ముఖ్యభాగమే గాని ప్రత్యేకమైన దానధర్మము గాదు.

ఒక యుదాహరణము చెప్పెదము. భూగోళ పాఠమున “క్రింది పటమును జూడుము” అని వ్రాసి యూరకుండుట ఆచారము. చూడలేనివాఁ డేమి చేయును? పటము క్రింద “నదుల పటము” అని వ్రాసినను ప్రయోజనము లేదు. గోదావరి మహారాష్ట్రములో త్ర్యంబకము కడఁ బుట్టి, తూర్పుగాఁ బ్రవహించి, నిజామాబాదు జిల్లా కందకుర్తి కడ మంజీరను గలుపుకొని, తెలంగాణమును దాటి, ఆంధ్రప్రదేశమున బంగాళాఖాతమును జేరునని నాలుగు మాటలలోఁ జెప్పినచో పటము చెప్పఁదలఁచినది చెవికి నందును. పటములో నేయే రంగులున్నవో వర్ణింపఁ బనిలేదు. ఆ పాఠమునకు పటమెందులకో యెఱిఁగి వ్రాయవలెను. అట్లే వీడియోకు అక్షరానువాదము, పట్టికకు సరియైన శీర్షికలు, గణిత సూత్రమునకు బొమ్మకు మాఱుగా చదువఁదగిన రూపము, ఎఱుపు పచ్చల భేదము మీఁదనే యాధారపడని రేఖాచిత్రము. ఇవి చిన్న పనులు; కాని తెలిసినవారు చేయవలసిన పనులు.

ముందు పాఠము, తరువాత తరగతి యను నీతి ఈ నగరమునకుఁ గ్రొత్తది గాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనది. దానికి ముందు, 1917లోనే, దారుల్ తర్జుమా యను అనువాదశాలను నెలకొల్పి, ఉర్దూలో శాస్త్రగ్రంథములను సిద్ధము చేయ నారంభించిరి. బోధింపవలెనన్న పుస్తకము కావలెను. పుస్తకము కావలెనన్న దానిని చేయువారికి జీతము, చోటు, గౌరవము కావలెనని యానాఁటివారు గ్రహించిరి. తెలుగునకు రాజాదరణము లేని యా కాలమున మన పెద్దలు స్వయముగా పూనుకొని 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని ఈ నగరముననే స్థాపించిరి. పిదప 1968లో తెలుగు అకాడమి వచ్చినది. 1982లో దేశమునకెల్ల మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము హైదరాబాదుననే వెలసినది. నేఁడది డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేర నున్నది. గురువు దూరమున నుండఁగా పుస్తకమే బోధింపవలెనను సూత్రము మీఁద నడచు సంస్థ యది. ఇంతటి వారసత్వము గల నగరమున పాఠమునకు ద్వారము లేదనుట మనకు శోభించునా?

తెలుగునకుఁ బ్రత్యేకమైన చిక్కొకటి కలదు. కంప్యూటరునందు ప్రతి తెలుఁగక్షరమునకు నొక స్థిరమైన సంఖ్య నిచ్చు యూనికోడ్ పద్ధతి 1991 నుండి యున్నది. అయినను మన ముద్రణాలయములలో అంతకు భిన్నమైన పాత ఖతులు నేఁటికిని వాడుకలో నున్నవి. కాగితము మీఁద నవి ముద్దుగాఁ గనఁబడును. యంత్రమునకు మాత్రమది తెలుగు గాదు. ఆంగ్లాక్షరములకుఁ దొడిగిన తెలుఁగు వేషము. స్క్రీన్ రీడరు ఆ వేషమును జూడదు, లోపలి యక్షరములనే చదువును. మఱికొన్ని పుస్తకములు పుటల ఛాయాచిత్రములు మాత్రమే. వానిలో యంత్రమునకుఁ జదువ నక్షరమే లేదు. ఉప్పుగూడలోని యా యన్న వినిన గొణుగుడును, మౌనమును వీనివలనఁ గలిగినవే. 1951లో భారతి బ్రెయిలు పేర మన భాషలన్నిటికి నొకే చుక్కల లిపి యేర్పడినది. యూనికోడ్ పాఠము చేత నున్నచో దానిని బ్రెయిలుగా మార్చుటకు యంత్రము చాలును; పాత ఖతులలో నున్నచో మొదటినుండి టైపు చేసి దిద్దవలసి వచ్చును. ఒక్క యలవాటు మార్చుకొనకపోవుటచేత నెన్ని పుస్తకములు మూఁగవోయినవో పాఠకులే యోచింతురు గాక!

చట్టము లేదా యందురా? కలదు. 2012లో కాపీహక్కు చట్టమును సవరించి, వికలాంగులకై పుస్తకములను వేఱు రూపమునకు మార్చుట కనుమతి యొసఁగిరి. 2013 నాఁటి మరాకష్ ఒడంబడికను 2014లో ప్రపంచమున మొట్టమొదట ధ్రువపఱచినది మన దేశమే. 2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టము, ధ్వనిరూపమునను, ముద్రణమునను, ఎలక్ట్రానిక్ మాధ్యమమునను వచ్చు విషయము వారికందు రూపమున నుండునట్లు ప్రభుత్వము చర్యలు గైకొనవలెనని విధించినది. 2024 నవంబరు 8వ తేదీన సుప్రీము కోర్టు, ఈ ప్రమాణములు కేవలము సలహాలుగా నుండిన చాలదు, తప్పనిసరి కావలెనని తీర్పు చెప్పినది. ఆ తీర్పునకు సాయపడిన నివేదికను రచించినది మన నల్సార్ విశ్వవిద్యాలయపు కేంద్రమే. 2025 ఏప్రిలు 30వ తేదీన అదే న్యాయస్థానము, డిజిటల్ సౌకర్యము నందుకొనుట జీవనహక్కులోని భాగమని ప్రకటించినది. శాసనము గ్రంథమునం దుండఁగా బిడ్డ చీఁకటిలో నుండుట యెవరి తప్పు?

నేర్పు లేదా యందురా? అదియుఁ గలదు, ఇదియే మాకు మిక్కిలి బాధాకరమైన విషయము. 2024లో అమెరికా న్యాయశాఖ ప్రభుత్వ విద్యాసంస్థల వెబ్ పుటలకు, సెల్‌ఫోను సాధనములకు స్పష్టమైన ప్రమాణములను విధించినది. పరదేశపు చదువులకై చిత్రవర్ణనలు వ్రాయుట, వీడియోలకు అక్షరములు కూర్చుట, పుటలను పరీక్షించుట మొదలగు పనులు తెలిసిన యువతీయువకులు మాదాపూరు, గచ్చిబౌలి కార్యాలయములలో నున్నారు. వారిని మేము నిందింపము. పని యున్నచోటికి పనివారు పోదురు. కాని ఒకప్పుడు మన ప్రత్తి సముద్రము దాటి పోవఁగా మన వీపునకు బట్ట కఱవైనట్లు, నేఁడు మన నేర్పు సముద్రము దాటి పోవుచుండఁగా మన తెలుగు పాఠము బోసిగా నున్నది. స్వదేశి యనఁగా నూలు మాత్రమే గాదు. స్వదేశపు బిడ్డకు స్వదేశపు నేర్పు చెందుటయు స్వదేశియే.

వ్యయము హెచ్చని కొందఱందురు. ఇల్లు కట్టునప్పుడే ద్వారము పెట్టుట చౌక. కట్టిన గోడను పగులఁగొట్టి పెట్టుట వ్యయము. ప్రయోజనము కొలఁదిమందికే యని మఱికొందఱందురు. అదియు సరి గాదు. వీడియో క్రింది యక్షరములు బధిర బాలికకే గాదు, రైలులోని రొదలో పాఠము చూచువానికిని, ఇంట ఉర్దూ మాటలాడుచు తెలుగు చదువ నేర్చుకొను బాలునకును ఉపకరించును. పెద్ద యక్షరములు చూపు మందగించిన వృద్ధునకును మేలే. యంత్రమే సర్వమును జేయునని యింకొందఱందురు. యంత్రము తోడుపడును, సందేహము లేదు. కాని అది కూర్చిన తెలుగు మాటలలోని తప్పులను దిద్దుటకు, పటమును జూచి ఈ పాఠమున దీని పని యేమని నిర్ణయించుటకు మనిషి కావలెను. ఆ పాఠము అందుచున్నదో లేదో తేల్చి చెప్పవలసినవారు అంధులును బధిరులును. వారు కేవలము గ్రహీతలు గారు, పరీక్షకులు.

కావున మేము కోరునది స్పష్టముగాఁ జెప్పుచున్నాము. ప్రభుత్వ ద్రవ్యముతో వెలువడు ప్రతి తెలుగు పాఠ్యపుస్తకమును యూనికోడ్ రూపమునఁ గూడ ప్రకటింపవలెను. అక్షరానువాదము లేని వీడియో పాఠమును పూర్తియైనదిగా నంగీకరింపరాదు. సైగల భాషలో పాఠములను సిద్ధము చేయుటకు 2020లో జాతీయ స్థాయిలోఁ గుదిరిన యేర్పాటును తెలుగు పుస్తకములకు విస్తరింపవలెను. ప్రతి విశ్వవిద్యాలయమునను, పాఠ్యపుస్తక సంస్థయందును పాఠ్యరూపకర్తలకు స్థిరమైన ఉద్యోగములును, తగిన జీతములును ఏర్పఱుపవలెను. ఆ యుద్యోగములలో వికలాంగులకు స్థానముండవలెను. ఒకనికి నాఱు పనులప్పగించి, ఏడవదిగా దీనినిఁ జేర్చుట పని చేయించుట గాదు, చేసితిమని చెప్పుకొనుట.

పఠనమందిరములలోఁ గూర్చుండి యీ మాటలు చదువు సోదరులకును కర్తవ్యము కలదు. మీ గ్రంథాలయమున చూపు లేనివాఁడు చదువఁదగిన పుస్తక మొకటి యైనఁ గలదా యని రేపే విచారింపుఁడు. లేకున్న, కాపీహక్కు తీఱిన మంచి పుస్తకమును గైకొని, దినమునకు రెండు పుటల చొప్పున యూనికోడ్‌లో టైపు చేసి దిద్దుఁడు. తెలుగు వికీమూలమున నిట్టి పని చేయువారు కలరు; వారితోఁ గలియుఁడు. పూర్వులు చందాలెత్తి గ్రంథాలయములను నిలిపిరి. మనము కొంత తీఱికనైన నీయలేమా?

ఉప్పుగూడ పేరు తలఁచినపుడు వంటలోని యుప్పు మాకు జ్ఞప్తికి వచ్చును. కూర యుడుకుచుండఁగా వేసిన యుప్పు ప్రతి ముక్కకును బట్టును. విస్తరిలో పిమ్మటఁ జల్లినది పైపైననే నిలుచును. పాఠమున నీ యేర్పాటు మొదటినుండి కలిసి యుండవలెను గాని, కడపటఁ జల్లఁబడు కరుణగా నుండరాదు. గ్లాసులోని యుప్పు ఎచటికిఁ బోయెనో ఆ బాలిక తెలిసికొన్ననాఁడే, విద్య యెల్లరకు నన్న మన మాట నిజమైనదని మేము నమ్ముదుము.