మారుపేర్లకే చప్పట్లా?

మన సభల్లో మైకు దొరికితే ముందు నాయకుడికి ఎగతాళి పేరు, తర్వాతే గిట్టుబాటు ధర. చప్పట్లు మాత్రం మొదటిదానికే పడుతున్నాయి.

మారుపేర్లు వద్దని మేం అనడం లేదు. 2015 ఏప్రిల్‌లో రాహుల్ గాంధీ లోక్‌సభలో మోదీ ప్రభుత్వాన్ని 'సూటు బూటు సర్కార్' అన్నారు. అంతకు మూడు నెలల ముందే ప్రధాని తన పేరు నేయించిన సూటు తొడుక్కున్నారు. కానీ ఆ మాట తగిలింది బట్టలకు కాదు, భూసేకరణ ఆర్డినెన్సుకు. ప్రైవేటు ప్రాజెక్టుకు నూటికి 80 మంది అంగీకారం కావాలని 2013 చట్టం చెబితే, ఐదు రకాల పనులకు ఆ షరతే అక్కర్లేదన్న ఆర్డినెన్సు అది. రైతులు కదిలారు. ఆగస్టు 31తో దానికి కాలం చెల్లింది.

'పప్పు' అలాంటిది కాదు. రాహుల్‌కు పెట్టారు, ఇక్కడ లోకేష్‌కూ తగిలించారు. ఏ విధానాన్నీ అది తాకదు. (కందులు పండించేవాళ్లం, పప్పు తిట్టెలా అయిందో మాకింకా మింగుడుపడదు.)

మనకూ పేరు పెట్టారు. 2021 ఫిబ్రవరి 8న రాజ్యసభలో ప్రధాని నోట 'ఆందోళన్ జీవి' అన్న మాట వచ్చింది. ఢిల్లీ సరిహద్దుల్లోని రైతులు 'ఔను, మేమే' అన్నారు, లేవలేదు. నవంబరు 19న మూడు చట్టాల రద్దును ఆయనే ప్రకటించారు.

రాబోయే మండల సభల్లో మాట్లాడేవారికి మా విన్నపం ఇదే: పేరు పెడితే, ఏ జీవో మీద, ఏ పంట ధర మీద పెట్టారో వెంటనే చెప్పండి. కులం, ఒళ్లు, ఇంట్లో ఆడవాళ్ల జోలికి పోయే పేర్లు మన జెండా కింద వద్దు. కౌలు కార్డుల మాట వచ్చేసరికి జనం నవ్వుకుని ఇళ్లకు పోతున్నారు.