కోయిలకు కూలి ఎందుకు?

2018 చివర్లో తూర్పుగోదావరి జిల్లా రంగంపేట మండలం వడిశలేరుకు చెందిన పసల బేబి అనే కూలి మహిళ పాడిన పాట ఒకటి సెల్‌ఫోన్లలో ఊరూరా తిరిగింది. 'ప్రేమికుడు' సినిమాలోని ప్రేమగీతం అది. వాయిద్యాలు లేవు, మైకు లేదు. ఆ పాటకు బాణీ కట్టిన ఏ.ఆర్. రెహమాన్ కూడా ఆ వీడియోను నలుగురితో పంచుకున్నారు. అప్పటికి పాడిన మనిషి పేరు చాలామందికి తెలియదు. ఆ తర్వాత కొద్దికాలానికే, తూర్పుగోదావరివాడే అయిన సంగీత దర్శకుడు రఘు కుంచె ఆమె చేత స్టూడియోలో 'మట్టి మనిషినండి నేను' అనే పాట పాడించి విడుదల చేశారు. రాసినది లక్ష్మీభూపాల. సినిమాతో సంబంధం లేని పాట ఇది. గ్రామఫోను రికార్డుగా, తర్వాత కేసెట్టుగా మన ఇళ్లలోకి వచ్చిన 'ప్రైవేటు పాట'కు ఈనాటి రూపం ఇదే అనుకోవచ్చు. 2020 మార్చిలో వచ్చిన 'పలాస 1978' చిత్రంలో రఘు కుంచె సంగీతంలోనే ఆమె ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంతో కలిసి పాడారు.

ఈ కథను పత్రికలూ టీవీలూ చెప్పిన తీరు మనందరికీ తెలుసు. మట్టిలో మాణిక్యం, అదృష్టం తలుపు తట్టింది, దేవుడిచ్చిన గొంతు. ఆమెకు అవకాశమిచ్చినవాళ్ల మంచితనాన్ని నేను శంకించడం లేదు. ఎవరూ పిలవనప్పుడు వాళ్లు పిలిచారు. పాటను చూసే చూపుతోనే నాకు పేచీ. ఒక స్త్రీ పాడితే అది వరం. పాడించుకుని అమ్మితే మాత్రం అది వ్యాపారం. ఈ రెండు మాటల మధ్య జారిపోయేది ఆమె శ్రమ, ఆ శ్రమ మీద ఆమెకున్న హక్కు.

ముందు పాటల ఎంపిక గురించి. తనంతట తానుగా పాడినప్పుడు బేబి పాడినదేమిటి? ఒక మగవాడు ప్రియురాలి కోసం పాడే పాట. మగగొంతు కోసం కట్టిన బాణీని తన గొంతులోకి తెచ్చుకుని, ఆ విరహాన్ని తనదిగా చేసుకుని పాడారు. అందులో కూలి లేదు, పేదరికం లేదు, కృతజ్ఞత అసలే లేదు. స్టూడియోకు వెళ్లాక ఆమె కోసం తయారైన మొదటి పాట పేరే 'మట్టి మనిషినండి నేను'. 'నేను' అన్న మాట ఆమెదే, కానీ ఆ నేనును రాసినది వేరొకరు. ఊరి ఆడమనిషి మైకు ముందుకు వస్తే ముందుగా తనెంత చిన్నదో చెప్పుకోవాలన్నది మన సాంస్కృతిక మర్యాద కాబోలు. పట్నం నుంచి వచ్చిన ఏ కొత్త గాయనినీ మొదటి పాటలో తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోమని ఎవరూ అడగరు. ఆ లెక్కన 'పలాస'లోని పాటే నాకు ఎక్కువ నచ్చింది. అక్కడ ఆమె ఎవరో చెప్పుకోనక్కర్లేదు, ఒక ప్రేమపాటలో సగం భాగం ఆమెది, అంతే. బాలసుబ్రహ్మణ్యం గొంతు పక్కన ఆమె గొంతు ఎక్కడా ఒదిగి నిలబడలేదు.

ఇదే దోషం మన వైపు నుంచి కూడా ఉంది. కోనసీమలో ఊడ్పు పనుల మీద నేను పరిశోధన చేసిన రోజుల్లో ఒక సంగతి గమనించాను. పుస్తకమూ రికార్డరూ పట్టుకుని వచ్చిన ప్రతివాళ్లూ ఆడవాళ్లను 'అసలైన జానపదం' పాడమని అడిగేవాళ్లు. వాళ్లేమో సుశీల పాటలు, జానకి పాటలు, కొత్తగా వచ్చిన సినిమా పాటలు అందుకునేవాళ్లు. వచ్చినవాళ్ల ముఖం చిన్నబోయేది. నాట్లు వేసే స్త్రీకి నచ్చిన పాట ఏదో నిర్ణయించే అధికారం మనకెక్కడిది?

ఇక పాట తయారయ్యే పద్ధతి. నేడు స్టూడియోలో చాలాసార్లు పాటగత్తె వచ్చేసరికి వాయిద్యాల వరస సిద్ధమై ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు. అందులో తాళం టక్ టక్ మంటూ ఉంటుంది. పాటంతా ఒక్క ఊపున పాడక్కర్లేదు. ఒక లైను, మళ్లీ అదే లైను, అందులోని ఒక మాట. నచ్చిన ముక్కలను ఏరి అతికిస్తారు. శ్రుతి తప్పితే యంత్రం సరిచేస్తుంది. పొలం గట్టు మీద ఊపిరిని బట్టి సాగే పాట ఇక్కడ యంత్రం వేళను బట్టి సాగాలి. అద్దం అవతల కూర్చున్నవాళ్లు బాగుందంటేనే బాగున్నట్టు. ఇది నైపుణ్యం కావలసిన పని. చేలో దమ్ములోకి దిగి వరస తప్పకుండా నాటడం ఎంత నైపుణ్యమో ఇదీ అంతే. ఊడ్పులకు ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకుని, పని అయ్యాక బేరం తప్పితే మేస్త్రిని నిలదీసే స్త్రీలు మన డెల్టాలో ఉన్నారు. పాట దగ్గరకు వచ్చేసరికి ఆ బేరం మాట ఎత్తడమే అపచారం అయిపోతుంది. 'పాడే అవకాశం ఇచ్చారు కదా' అంటారు.

అందుకే గాయనిని కోయిల అనడం నాకు సయించదు. కోయిల కూలి అడగదు. (కూసేది మగకోయిల అని పక్షులను చూసే వాళ్లెవరైనా చెబుతారు. మన కవులకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.)

గోదావరి ఒడ్డు నుంచి రికార్డులోకి వెళ్లిన స్త్రీ గొంతులు ఇంతకుముందూ ఉన్నాయి. 1925లో రాజమండ్రిలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారిని తలుచుకోండి. ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు. పన్నెండేళ్లకే సినిమాల్లోకి వచ్చారు. 1961లో న్యూయార్కులో టాగూరు నాటకంలో రాణి పాత్ర వేసి మెప్పు పొందారు. తర్వాత లండనులో స్థిరపడి 2005లో అక్కడే మరణించారు. శంకరంబాడి సుందరాచారి రాసిన 'మా తెలుగు తల్లికి' పాట గ్రామఫోను రికార్డుగా ఇంటింటికీ వెళ్లినది ఆమె గొంతుతోనే. ఆ పాట రాష్ట్రగీతం అయింది. బడి పిల్లలకు రాసినవారి పేరు చెబుతారు, అది న్యాయమే. మొదట పాడినదెవరో ఎంతమంది టీచర్లు చెబుతున్నారు? చదువూ వంశమూ పలుకుబడీ ఉన్న స్త్రీ విషయంలోనే ఇలా ఉంటే, ఇవేవీ లేని స్త్రీ సంగతి చెప్పేదేముంది!

చట్టం ఏమంటోంది? చాలాకాలం ఏమీ అనలేదు. 1957 కాపీరైటు చట్టం రాసినవారికీ బాణీ కట్టినవారికీ రికార్డు తీసినవారికీ హక్కులు ఇచ్చింది. పాడినవారు అందులో లేరు. 1994 సవరణతో మొదటిసారి ప్రదర్శకుల హక్కు అన్నది వచ్చింది. అప్పుడు దాని గడువు 25 ఏళ్లు, 1999లో దాన్ని 50 ఏళ్లు చేశారు. అయితే సినిమాలో పాడడానికి ఒప్పుకున్న మరుక్షణం ఆ హక్కు చేజారిపోయేది. మన దగ్గర గాయనుల బతుకంతా సినిమాలోనే కనుక అది పేరుకు మాత్రమే హక్కు. 2012 సవరణ దీన్ని కొంత మార్చింది. సినిమాకు పాడినా, ఆ పాటను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ పొందే హక్కు గాయనికి ఉంది. పాడినది తనేనని పేరు చెప్పించుకునే హక్కు, పాటను తన పరువుకు భంగం కలిగేలా మార్చితే అడ్డుకునే హక్కు కూడా ఉన్నాయి. 2013లో గాయనీ గాయకుల హక్కుల సంఘం కూడా ఏర్పడింది.

ఇవి ఊరికే రాలేదు. 1960లలో లతా మంగేష్కర్ గాయకులకు రాయల్టీ కావాలని పట్టుబట్టినప్పుడు, పాడినందుకు డబ్బు ముట్టాక ఇంకేమిటని మహమ్మద్ రఫీ అన్నారు. ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. ఆ తగాదాను 'అహంకారి లత, సాధువు రఫీ' అన్న కథగా చెప్పుకోవడం ఇప్పటికీ వింటాం. హక్కు అడిగిన స్త్రీకి దక్కే బిరుదు ఎక్కడైనా ఒకటే. 2017లో తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడవద్దని ఇళయరాజా బాలసుబ్రహ్మణ్యంకు నోటీసు పంపారు. పాట ఎవరిదన్న ప్రశ్న అంత పెద్దవాళ్ల మధ్య కూడా తెగలేదన్నమాట. మన విజయనగరం ఆడపడుచు పి. సుశీల 17,695 పాటలు పాడినట్టు 2016లో గిన్నిస్ వారు నమోదు చేశారు. ఆ సంఖ్య విని చప్పట్లు కొట్టాం. వాటిలో అధికభాగం పాడిన రోజుల్లో గాయనికి చట్టంలో చోటే లేదన్నది ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

రాసినవారెవరో తెలియని పాట అయితే చిక్కు ఇంకా ఎక్కువ. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగదరియా' పాట మారుమోగినప్పుడు, ఆ జానపదాన్ని తాను సేకరించి టీవీ కార్యక్రమంలో పాడానని కోమలి అనే గాయని ముందుకు వచ్చారు. వాదోపవాదాల తర్వాత దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపూ ప్రతిఫలమూ ఇస్తామన్నారు. అది మంచిదే. కానీ చూడండి, జానపదం అంటే 'ఎవరిదీ కాదు' అని అర్థం చెప్పుకుంటాం. తల్లుల నుంచి కూతుళ్లకు, అత్తల నుంచి కోడళ్లకు నోటి ద్వారా వచ్చిన పాటలు 'ఎవరిదీ కాదు' అన్న ఖాతాలో పడతాయి. దాన్ని కాగితం మీద పెట్టినవారికి మాత్రం పేరుంటుంది. స్త్రీల పాటల సంకలనాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి, నా పరిశోధన వాటి మీదే నిలబడింది. అట్ట మీద సంకలనకర్త పేరు ఉంటుంది. పాడిన అమ్మ పేరు లోపలి పేజీల్లోనైనా దొరకడం అరుదు.

ఇప్పుడు ఆ పని మనం చేస్తున్నాం. స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల చేతిలో నేడు ఫోను ఉంది. మహిళా దినోత్సవాలలో, పొదుపు సంఘాల సమావేశాల్లో పాడిన పాటను తీసి సంస్థ చానెల్‌లో పెడతాం. వార్షిక నివేదిక వీడియో వెనక అదే పాట వినిపిస్తుంది. నిధులిచ్చేవారు మెచ్చుకుంటారు. కింద సంస్థ గుర్తు ఉంటుంది. 'గ్రామీణ మహిళ పాట' అని రాస్తాం. ఇదంతా సదుద్దేశంతోనే జరుగుతుంది, అనుమానం లేదు. సినిమా కంపెనీని నిలదీయడానికి సిద్ధమయ్యే మనం, మన రికార్డింగుకు ముందు ఒక్క కాగితమైనా రాసుకుంటున్నామా?

పెద్ద న్యాయశాస్త్రం అక్కర్లేదు. పాట ఎక్కడెక్కడ పెడతామో ఆమెకు తెలుగులో చదివి వినిపించాలి. వద్దంటే తీసేస్తామని రాయాలి. డబ్బు వస్తే ఎంత భాగమో రాయాలి. రాకపోయినా ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి కూలి ఇవ్వాలి. పాట ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగి ఆ పేరూ వేయాలి. కాగితం నకలు ఒకటి ఆమె దగ్గర ఉండాలి. సంతకం రానివాళ్ల కోసం ఇదే మాట ఫోనులో వాళ్ల గొంతుతో చెప్పించుకోవచ్చు, పాట తీసిన ఫోనే కదా.

పోయిన ఏడాది అమలాపురం దగ్గర ఒక ఊళ్లో ఇలాంటి కాగితం ఒకటి చదివి వినిపించాను. ఊడ్పు బృందంలో పాట ఎత్తుకునే ఆవిడ మొత్తం విని, డబ్బు సంగతి పెద్దగా అడగలేదు. ఇంటిపేరు దగ్గర మాత్రం ఆగింది. ఈ పాట అత్తారింటి వాళ్లు నేర్పింది కాదని, పుట్టింటి ఇంటిపేరే వేయమని చెప్పింది. కాగితంలో ఆ గడి మార్చి మళ్లీ రాశాం.