స్పోర్ట్స్ కార్లు: నడిపేవారి కొనుగోళ్లే బజారుకు ఆధారం

2021 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం పెబుల్ బీచ్‌లో జరిగిన వేలంలో 1995 నాటి మెక్‌లారెన్ ఎఫ్1 కారు ఒకటి 2 కోట్ల 4 లక్షల 65 వేల డాలర్లకు అమ్ముడైంది. తయారైన 26 ఏళ్లలో ఆ కారు తిరిగిన దూరం 400 కిలోమీటర్ల లోపే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి తిరిగి రావటానికి కూడా ఆ దూరం చాలదు. గంటకు 380 కిలోమీటర్లు దాటి పోగల బండి అది. ఆ వేలం తర్వాత, ఖరీదైన స్పోర్ట్స్ కారును కొని తాళం తిప్పకుండా షెడ్డులో పెట్టటమే లాభసాటి అనే మాట బాగా ప్రచారమైంది. వర్తకులు ఈ మాటను ఉన్నదున్నట్లు నమ్మటం క్షేమం కాదు. ఒక్క వేలం ధర చూసి బజారు పోకడ నిర్ణయించరాదని మిర్చి, పసుపు వర్తకులకు వేరే చెప్పనక్కర లేదు.

అదే మెక్‌లారెన్ ఎఫ్1లో మరొక బండి సంగతి చూడవలసి ఉంది. మిస్టర్ బీన్ పాత్రతో మన దేశంలో కూడా అందరికీ తెలిసిన ఇంగ్లీషు నటుడు రోవాన్ అట్కిన్సన్ 1997లో ఆరు లక్షల పౌన్లకు అటూ ఇటూగా చెల్లించి ఒక ఎఫ్1 కొన్నాడు. కొని దాచలేదు. బజారుకు, షూటింగులకు, దూర ప్రయాణాలకు నడిపాడు. 41 వేల మైళ్లు, అంటే దాదాపు 66 వేల కిలోమీటర్లు తిప్పాడు. రెండుసార్లు ప్రమాదం చేశాడు. 2011లో జరిగిన రెండవ ప్రమాదంలో కారు చెట్టుకు కొట్టుకొని బాగా దెబ్బ తిన్నది. మరమ్మతుకు బీమా కంపెనీ 9 లక్షల 10 వేల పౌన్లు చెల్లించింది. బాగయిన తర్వాత కూడా నడిపి 2015లో దాదాపు 80 లక్షల పౌన్లకు అమ్మాడు. లెక్క వేస్తే 18 ఏళ్లలో అసలు పదమూడు రెట్లు అయినట్లు, అంటే ఏటా 15 శాతం చక్రవడ్డీ గిట్టినట్లు. 80 లక్షల పౌన్లంటే అప్పటి మారకం రేటులో కోటీ 25 లక్షల డాలర్లు. అదే ఏడాది ఆగస్టులో కాలిఫోర్నియా వేలంలో ప్రత్యేకమైన రేసు ఇంజిను హంగులున్న మరో ఎఫ్1 కోటీ 37 లక్షల 50 వేల డాలర్లకు పోయింది. చెట్టుకు కొట్టుకున్న బండికీ, మేలు రకం బండికీ మధ్య ఉన్న తేడా ఇంతే. ఈ తేడాకు బదులు మొదటి ఆసామీ 18 ఏళ్లపాటు కారు నడిపాడు.

దాచేవారు సాధారణంగా లెక్కలోకి తీసుకోని పద్దు నిల్వ ఖర్చు. కారు వడ్డీ ఇవ్వదు, డివిడెండు ఇవ్వదు. ఏటా 8 శాతం వడ్డీ అనుకుంటే తొమ్మిదేళ్లకు ధర రెట్టింపు అయితేనే అసలు నిలిచినట్లు. దానిపై షెడ్డు అద్దె, బీమా, కాపలా అదనం. వెండి దిమ్మెను పెట్టెలో పెట్టి మరచిపోవచ్చును. కారును మరచిపోవటానికి వీలు లేదు. నిలబడి ఉన్న కారు చెడిపోయినంతగా నడిచే కారు చెడదు. పెట్రోలు పాతబడి ట్యాంకులో జిగురు కడుతుంది. రబ్బరు సీళ్లు ఎండి నూనె కారుతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమ పీల్చుకుంటుంది. బరువు ఒకే చోట ఆని టైర్లు పల్లం పడతాయి. బ్యాటరీ సరేసరి. కొన్ని బండ్లకు ఇవి చాలవన్నట్లు వేరే ఖర్చులున్నాయి. ఫెరారీ ఎఫ్40లో పెట్రోలు నింపేది రబ్బరు సంచులలో. కారు ఒక్క కిలోమీటరు తిరగకపోయినా పదేళ్లకొకసారి వాటిని మార్చవలసిందే. ఎఫ్355కు టైమింగు బెల్టు మార్చాలంటే ఇంజిను మొత్తం కిందికి దించాలి. ఆ బెల్టు గడువు కిలోమీటర్లతో పాటు ఏళ్లలో కూడా నడుస్తుంది. శీతల గిడ్డంగిలో రెండో ఏడుకు వచ్చిన మిర్చి రంగు చూసిన వర్తకునికి ఈ విషయం వెంటనే బోధపడుతుంది.

నడిపే యజమానికి కూడా ఈ ఖర్చులు ఉంటాయి. ఇంకా ఎక్కువే ఉంటాయి. కాని అతను వాటిని సరదాకు పెట్టే ఖర్చుగా రాసుకుంటాడు. ప్రతి ఆదివారం అతనికి కొంత రాబడి ముట్టుతూనే ఉంటుంది. అది పద్దు పుస్తకంలో కనబడదు. అందువల్లనే బజారు పడినప్పుడు అతను అమ్మకానికి పరుగెత్తడు. కేవలం ధర కోసం కొన్నవానికి వేరే రాబడి లేదు. ధర ఆగిన రోజున వడ్డీ ఒక్కటే మిగులుతుంది, మూడో నెలకు దళారి గుమ్మం ముందు నిలబడతాడు. మందీలో సరుకు ఎవరి దగ్గర నుంచి బయటకు వస్తుందో గమనిస్తే ఈ బజారు అసలు స్వరూపం తెలుస్తుంది.

ఈ బజారుకు రారాజు ఫెరారీ 250 జీటీఓ. 1962 నుంచి 1964 వరకు 36 బండ్లు మాత్రమే తయారైనవి. కొత్తదాని ధర అమెరికాలో సుమారు 18 వేల డాలర్లు. ఇది పందాల కోసం చేసిన బండి. మూడేళ్లు వరుసగా తన తరగతిలో ప్రపంచ టైటిలు గెలిచింది. పందాలలో పాతబడిన తర్వాత దానిని అడిగే నాథుడు లేకపోయాడు. ఒక జీటీఓను దాని యజమాని టెక్సాస్‌లోని ఒక హైస్కూలుకు, పిల్లలు మెకానిక్ పని నేర్చుకోవటానికి దానంగా ఇచ్చాడు. 1972లో ఆ స్కూలు దానిని 6,500 డాలర్లకు అమ్మివేసింది. కొన్నవారు ట్రెయిలర్ మీద ఎక్కించి పొలంలో వదిలేశారు. 1980ల దాకా ఎండకు ఎండి వానకు తడిసింది. పింక్ ఫ్లాయిడ్ వాద్య బృందంలో డ్రమ్ములు వాయించే నిక్ మేసన్ 1970ల చివర 40 వేల పౌన్ల లోపు ధరకు మరొక జీటీఓ కొన్నాడు. దానితో పాత కార్ల పందాలు ఆడాడు, పిల్లల్ని బడికి కూడా దింపాడు.

మరి ఈ సరుకుకు విలువ ఎక్కడ నుంచి వచ్చింది? మేసన్ వంటివారు వాటిని రోడ్డు మీదా పందాలలోనూ తిప్పుతుండగా చూసినవారికి ఆశ పుట్టింది. 1977లో ఇటలీలో మిల్లే మిలియా పాత కార్ల యాత్రగా తిరిగి మొదలైంది. 1998 నుంచి ఇంగ్లండులో గుడ్‌వుడ్ రివైవల్ పందాలు జరుగుతున్నవి. ఇటువంటి వాటికి ప్రవేశం దొరికే కారుకు ఒక ధర, దొరకని కారుకు మరొక ధర పలుకుతున్నది. 2012లో జీటీఓకు 50 ఏళ్లు నిండినప్పుడు యజమానులు ఫ్రాన్స్‌లో యాత్ర చేశారు. దారిలో ఒక బండికి ప్రమాదం కూడా జరిగింది. బజారు ఏమీ బెదరలేదు. 2018 ఆగస్టులో ఒక జీటీఓ వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు, 2023 నవంబరులో మరొకటి 5 కోట్ల 17 లక్షలకు పోయినవి. రెండూ పందాల చరిత్ర ఉన్న బండ్లే. గీతలు పడని బండి అని ఎవరూ జీటీఓను అడగరు.

జీటీఓ ధర ఎన్నడూ పడలేదనే భ్రమ కొందరిలో ఉంది. 1980ల చివరి తేజీని చూసినవారు అలా అనరు. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ మరణించగానే ఇక పాత ఫెరారీలు దొరకవన్న భావనతో ధరలకు రెక్కలు వచ్చినవి. జపాన్‌లో భూముల, షేర్ల ధరలు ఆకాశంలో ఉన్న రోజులవి. అక్కడి సొమ్ము ఇటు మళ్లింది. 1989లో ఒక జీటీఓ కోటీ 30 లక్షల డాలర్లు దాటి అమ్ముడైంది. 1994 నాటికి అటువంటి కారును దాదాపు 35 లక్షలకు కొనగలిగే స్థితి ఏర్పడింది. 1989 ధరకు కొని 2018 ధర దాకా ఉంచినవానికి గిట్టినది ఏటా నాలుగయిదు శాతం మాత్రమే, అదీ ఖర్చులు పోక ముందు. 1994లో కొన్నవానికి 11 శాతం పైన. సరుకు ఒకటే, కొన్న రోజులు వేరు.

ఆ తేజీలో మరీ దెబ్బ తిన్నది వాయిదా బేరాలు చేసినవారు. 1987లో ఎఫ్40 వచ్చినప్పుడు సుమారు 400 బండ్లే అన్నారు. సటోరీలు ఫ్యాక్టరీ వరుసలో తమ స్థానాన్నే అమ్ముకోసాగారు. గిరాకీ చూసి కంపెనీ చివరకు 1,300కు పైగా తయారు చేసింది. 1988 అక్టోబరులో బర్మింగ్‌హామ్ ప్రదర్శనలో జాగ్వార్ ఎక్స్‌జె220 కనబడింది. పన్నెండు సిలిండర్లు, నాలుగు చక్రాలకూ శక్తి అని చెప్పారు. 50 వేల పౌన్ల బయానా కట్టటానికి జనం ఎగబడ్డారు. 1992లో డెలివరీ మొదలయ్యేసరికి సిలిండర్లు ఆరయినవి, శక్తి వెనుక చక్రాలకే మిగిలింది. ధరల సూచీకి ముడిపెట్టినందువల్ల 2 లక్షల 90 వేల పౌన్ల కారు పన్నులతో 4 లక్షల 70 వేలయింది. ఈలోగా బజారు కుప్పకూలింది. బయానాదారులలో పలువురు ఒప్పందం నుంచి తప్పుకోజూశారు, వ్యవహారం కోర్టులకు ఎక్కింది. 350 అనుకున్న కార్లు 280 దగ్గరే ఆగినవి. నిజానికి ఎక్స్‌జె220 తన కాలంలో అత్యంత వేగంగా పోయిన కార్లలో ఒకటి. దానిని నడపాలని బయానా కట్టినవానికి కారు అందింది. మరొకరికి అమ్మాలని కట్టినవానికే దిక్కు తోచలేదు.

ఈ పాఠం అందరూ వల్లెవేసినా కొత్త తరం మళ్లీ అదే బాట పట్టింది. 2016లో పోర్షే 911 ఆర్ అనే పేరుతో 991 బండ్లే తెచ్చింది. చేతి గేర్లు, తక్కువ బరువు. అచ్చంగా నడిపేవారి బండి. అమెరికాలో లక్షా 85 వేల డాలర్ల ప్రాంతంలో అమ్మిన ఈ కారును కొందరు వెంటనే దానికి రెట్టింపు పైన ధరకు అమ్మచూపారు. మరుసటి ఏడాదే కంపెనీ దాదాపు అదే రుచి గల జీటీ3 టూరింగును సంఖ్యా పరిమితి లేకుండా దించగానే ఆర్ ధరలు తగ్గినవి. ఫోర్డ్ కంపెనీ మరొక పద్ధతి తీసుకున్నది. తన జీటీ కారు కోరేవారి నుంచి దరఖాస్తులు పిలిచి, రెండేళ్లదాకా అమ్మబోమని సంతకం పెట్టించుకున్నది. కుస్తీ యోధుడు, నటుడు జాన్ సీనా గడువు లోపే అమ్మాడని 2017లో దావా వేసింది; 2018లో రాజీ కుదిరింది. తయారీదారు తన సరుకును ఎవరు కొనాలో, ఎంతకాలం ఉంచుకోవాలో కూడా చెప్పటం స్వేచ్ఛా వర్తకానికి నచ్చే పద్ధతి కాదు. కాని కంపెనీ భయం అర్థం కానిది కాదు. కారు రోడ్డు మీద కనబడకుండా చేతులు మారుతూ పోతే దాని పేరు నిలిచేదెలా?

తిరగని బండికి అరుదుతనం ఉన్న మాట నిజమే. మెక్‌లారెన్ ఎఫ్1లు మొత్తం 106; అందులో 400 కిలోమీటర్ల లోపువి వేళ్లమీద లెక్కించవచ్చును. అటువంటిదానికి పై ధర రావటంలో వింత లేదు. చిక్కు ఏమిటంటే ఆ పై ధర మీటరు అంకె మీద నిలిచి ఉంది. కొన్నవారు నడిపిన ప్రతి కిలోమీటరుకూ అది కరుగుతుంది. కనుక వారూ నడపరు, వారి దగ్గర కొనేవారూ నడపరు. చివర నిలబడేవాడు కూడా నడపనివాడే కావాలి. అటువంటి కొనుగోలుదారులు తేజీలో పదిమంది, మందీలో ఒక్కరూ ఉండరు. నూటికి ఒకటి రెండు బండ్ల విషయంలో ఈ ఆట గెలవవచ్చును. మిగిలిన వాటికి ఈ సూత్రం వర్తింపజేయటమే తప్పు. 20 వేల కిలోమీటర్లు తిరిగి, ప్రతి సర్వీసు బిల్లూ దాచి ఉంచిన కారుకు కొనేవారు ఎక్కువ. అది ఏ రోజైనా నగదుగా మారగల సరుకు.

కమీషన్లు, పన్నులు క్లుప్తంగా: పెద్ద వేలం సంస్థలు కొనేవారి నుంచి 10 శాతం, అంతకు పైన కూడా వసూలు చేస్తున్నవి. కొని వెంటనే అమ్మేవానికి ఈ దెబ్బ రెండువైపులా తగులుతుంది. బ్రిటన్‌లో సొంతానికి ఉంచుకున్న కారు అమ్మితే మూలధన లాభాల పన్ను లేదు. వ్యాపారంగా చేస్తే మాత్రం ఆదాయపు పన్ను పడుతుంది. అమెరికాలో సేకరణ వస్తువుల లాభంపై 28 శాతం దాకా ఉంది.

ముందు ముందు గమనించవలసినది కొనుగోలుదారుల వయస్సు. 1950ల బండ్లను చిన్నతనంలో చూసి మోజుపడినవారు వృద్ధులైనారు. 1980లు, 90ల నాటి బండ్లకు గిరాకీ ఇటీవలి ఏళ్లలో పెరిగింది, వాటిని చూసి పెరిగినవారికి ఇప్పుడు చేతిలో డబ్బు ఆడుతున్నది. షెడ్డులో గుడ్డ కప్పిన కారును చూసి మోజుపడిన కుర్రవాడు ఎక్కడా కనబడడు.

మన దేశంలో ఈ సరుకు బజారు ఇంకా చిన్నది. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మొదటి రూపం చెడని వాహనాలను వింటేజ్ వాహనాలుగా ప్రత్యేక వరుసలో రిజిస్టరు చేయించుకోవచ్చును. రవాణా అధికారులకు తెలియజేసి అమ్ముకోవచ్చును. అయితే అలా రిజిస్టరైన కారును ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప నిత్య వాడకానికి రోడ్డెక్కించరాదు. కొనదలచినవారు ధర మాట్లాడేముందు ఈ షరతును కూడా లెక్కలో వేసుకోవలసి ఉంటుంది. పదేళ్ల రిజిస్ట్రేషనుకు రుసుము 20 వేల రూపాయలు. ఆపై రెన్యూవలుకు 5 వేలు.