ఆంధ్ర విశ్వవిద్యాలయ గణిత పరిశోధన - డెల్టా కళాశాలల భవిష్యత్తు

పెనుగొండ: పశ్చిమ గోదావరి జిల్లాలోని పెనుగొండ వంటి మండల కేంద్రాలలో డిగ్రీ స్థాయిలో గణితం అభ్యసించిన విద్యార్థులకు పరిశోధన దిశగా తొలి గమ్యం దశాబ్దాల పాటు విశాఖపట్నమే. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోనే నాడు ఉభయ గోదావరి జిల్లాల కళాశాలలు ఉండేవి.

ఈ విశ్వవిద్యాలయ గణిత శాఖకు ఘనమైన చరిత్ర ఉంది. సుప్రసిద్ధ సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావు గణితంలో ఎం.ఏ. చేసినది ఇక్కడే. ఆయనకు 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి లభించింది. పెద్ద ప్రధాన కారణాంకాలు లేని పూర్ణసంఖ్యల లెక్కింపుపై వి.రామస్వామి 1949లో ప్రచురించిన పరిశోధన సంఖ్యావాదంలో నేటికీ ప్రస్తావనకు వస్తున్నది.

అయితే శాఖకు ప్రత్యేక గుర్తింపు తెచ్చినది బీజగణితం. కంప్యూటర్ వలయాల తర్కానికి మూలమైన బూలియన్ బీజగణితాన్ని విస్తృతపరచే కృషిని 1960వ దశకంలో ఎన్.వి.సుబ్రహ్మణ్యం, కె.ఎల్.ఎన్.స్వామి చేపట్టారు. 1981లో యు.ఎం.స్వామి, జి.సి.రావు 'ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్' అనే భావనను ప్రతిపాదించారు. రెండు అంశాలను కలిపే క్రమం మారినచో ఫలితం మారగల, అయినా విభాగ న్యాయం చాలా వరకు నిలిచే వ్యవస్థలను ఈ భావన వర్ణిస్తుంది. ఈ అంశంపై ఇథియోపియా విశ్వవిద్యాలయాలలో కూడా పరిశోధనలు సాగుతుండడం విశేషం. ప్రయోగశాలలు, ఖరీదైన పరికరాలు అవసరం లేని ఈ పరిశోధనకు గురుశిష్య పరంపరే పెట్టుబడి.

ఈ పరంపరకు మూలం డిగ్రీ కళాశాలలోని గణిత తరగతి. ఆ తరగతి పరిస్థితులలో గడచిన రెండు దశాబ్దాలలో రెండు ముఖ్యమైన మార్పులు వచ్చాయి. 2006లో రాజమహేంద్రవరం కేంద్రంగా ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడడంతో గోదావరి జిల్లాల కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి. పి.జి. విద్య విద్యార్థులకు చేరువైంది. 2023-24 విద్యా సంవత్సరం నుంచి రాష్ట్రంలో సింగిల్ మేజర్ డిగ్రీ విధానం అమలులోకి వచ్చింది. పూర్వం గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలను సమాన ప్రాధాన్యంతో చదివిన విద్యార్థి ఈ విధానంలో వాటిలో ఒకదానినే మేజర్‌గా ఎంచుకోవలసి వచ్చింది. తత్ఫలితంగా ఒక కళాశాలలో గణితం మేజర్‌గా కొనసాగడం అక్కడ చేరే విద్యార్థుల సంఖ్యపై ఆధారపడుతున్నది.

అందరూ గణితమే చదవనవసరం లేదు. కాని చదవగోరిన గ్రామీణ విద్యార్థికి, ముఖ్యంగా విద్యార్థినికి, ఆ అవకాశం సమీపంలోనే ఉండాలి. సమీప కళాశాలలు అధ్యాపకులను పరస్పరం వినియోగించుకొని గణిత తరగతులను నిలుపుకోవడం, రెండు విశ్వవిద్యాలయాలు సంయుక్తంగా పరిశోధన మార్గదర్శనం అందించడం పరిశీలించదగిన మార్గాలు. కళాశాలలో గణిత తరగతి ఒకసారి మూతపడితే దానిని తిరిగి నెలకొల్పడం సులభసాధ్యం కాదన్న వాస్తవాన్ని గుర్తించవలసిన అవసరం ఎంతైనా ఉంది.