షిర్డీ దారిలో ద్రాక్షతోటల వైపు కూడా చూడండి

నాట్లు ముగిసి, తొలి కలుపు తీయించాక డెల్టా రైతు కుటుంబానికి నాలుగు రోజులు తీరిక దొరుకుతుంది. మన ఊళ్ళ నుంచి చాలా కుటుంబాలు షిర్డీకి బయలుదేరేది అప్పుడే. రెండు మూడు కుటుంబాలు కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, గ్యాస్ స్టవ్వు, బియ్యం, ఆవకాయ వేసుకుని వెళతాం. క్యారవాన్ పర్యాటకం అని ఇప్పుడు కొత్తగా చెబుతున్నారు గానీ, దారిలో వండుకు తింటూ తిరగడం మనకు అలవాటే. వానలో తడుస్తూ షిర్డీ, నాసిక్, త్ర్యంబకం చూసి తిరిగొస్తాం. ఈసారి వెళ్ళేవారు నాసిక్ రైతులను కూడా పలకరించి రావాలని కోరుతున్నాం.

నాసిక్‌కు దేశ వైన్ రాజధాని అని పేరు. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్‌కు ప్రత్యేక విధానం తెచ్చింది. మన దగ్గర వైన్స్ అంటే బ్రాందీ షాపు. అక్కడ తోటల మధ్యనే వైన్ ఫ్యాక్టరీలు, చూడవచ్చినవారికి బస గదులు ఉన్నాయి. 1992లో దూబగుంట ఆడపడుచులు సారాపై కదం తొక్కిన రాష్ట్రం మనది. మందుకు జై కొట్టమని మనం అనడం లేదు. సీసా వెనక ఉన్న రైతును చూడమంటున్నాం.

వానాకాలంలో ఆ తోటల్లో ఆకే తప్ప కాయ ఉండదు. అక్కడి రైతు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కొమ్మలు కత్తిరిస్తాడు. కోత జనవరి నుంచి మొదలవుతుంది. ఆగస్టు వాన యాత్రికుడికి చల్లగా ఉంటుంది. అదే వాన పూత సమయంలో పడితే బూజు తెగులు, కోత ముందు పడితే కాయ పగులు. మన బాధా ఇదే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో వరి పనలు నీళ్ళలో నానాయి.

తేడా కోత తర్వాత కనిపిస్తుంది. నాసిక్ ద్రాక్షలో వైన్‌కు వెళ్ళేది కొంతే, ఎక్కువ భాగం తినే పండే. దాన్ని విదేశాలకు అమ్మడానికి ద్రాక్ష రైతుల సహకార సంఘాలు కలిసి 1991లో మహాగ్రేప్స్‌ను పెట్టుకున్నాయి. 2010లో మందుల అవశేషాలున్నాయని యూరప్ సరుకును తిప్పికొట్టినప్పుడు అక్కడి రైతులు గట్టి దెబ్బ తిన్నారు. అయినా సంఘటితం కావడం మానలేదు. దిండోరి తాలూకా మొహాడీలో సహ్యాద్రి పేరుతో రైతులే వాటాదారులైన కంపెనీ పండ్లు ప్యాకింగ్, ప్రాసెసింగ్ చేసి అమ్ముతోంది. అక్కడ అప్పులు లేవని, నష్టాలు లేవని కాదు. కోసిన పంట మీద పట్టు కొంతైనా రైతు చేతిలో ఉంది.

మన చేతిలో ఉన్నది టార్పాలిన్ పట్టా. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి కొర్రీలు మొదలవుతాయి. తుపాను రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఎలా ఆరుతుంది? ఆరబెట్టే యంత్రం, గోదాము మిల్లరు దగ్గర ఉంటే, ధర చెప్పేదీ మిల్లరే.

మన రాష్ట్ర ప్రభుత్వం 2024-29 విధానంలో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పర్యాటకులు రావడానికి మనం అడ్డు కాదు. కానీ రిసార్టుకు రాయితీ ఇవ్వగలిగిన ప్రభుత్వం రైతు కల్లానికి డ్రయ్యరు ఇవ్వలేదా? క్యారవాన్ నడిచే రోడ్డు వేసేటప్పుడు ధాన్యం ట్రాక్టరు దిగబడే డొంక రోడ్డు గుర్తు రాదా? సహకార సంఘాలకు డ్రయ్యర్లు, గోదాములు ఇవ్వాలి. తుపాను తడిపిన ధాన్యాన్ని తేమ నిబంధన సడలించి కొనాలి. కౌలు రైతుకూ పంటల బీమా అందాలి. పర్యాటకం పేరుతో సాగుభూమి జోలికి రాకూడదు.

ఇవి అడిగితే రావు, కలిసి నిలబడితే వస్తాయి. నాసిక్ దారిలో బండి ఒక గంట ఆపండి. కిలోకు ఎంత వస్తోంది, ఎవరు కొంటున్నారు, వాన నష్టానికి బీమా అందిందా అని అక్కడి రైతును అడగండి. తిరిగొచ్చాక ప్రసాదంతో పాటు ఆ సమాధానాలనూ గ్రామ సంఘం సమావేశంలో పంచండి.