గోడౌను వెనుక గిడ్డంగి

మనం నిత్యం వాడే ఆంగ్ల పదాల పుట్టుపూర్వోత్తరాలను ఈ శీర్షిక క్రింద ముచ్చటించుకొంటున్నాము. ఈ మాసం 'గోడౌను' అనే మాటను ఎన్నుకొన్నాము. అందుకు కారణం గుఢియారీలో ఒక తాతా మనుమల మధ్య మా ఎదుట జరిగిన చిన్న సంభాషణ.

రాయపూర్ రైల్వే స్టేషనుకు సమీపంలో, పట్టాలకు ఆవలి వైపున ఉన్న పేట గుఢియారీ. ధాన్యానికీ, కిరాణా సరుకులకూ అది టోకు వ్యాపార స్థలం. లారీలు, బస్తాలు, వాటిని మోసే హమాలీలు అక్కడి నిత్యదృశ్యం. 1931లో రాయపూర్ - విజయనగరం రైలుమార్గం పూర్తయినది మొదలు ఉత్తరాంధ్ర నుండి ఈ ఊరికి రాకపోకలు సుగమమైనాయి. రైల్వే కొలువులకనీ, కూలికనీ, వర్తకానికనీ వచ్చి రాయపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అటువంటి కుటుంబానికి చెందిన మిత్రుని ఇంటికి ఒక సాయంకాలం వెళ్ళాము.

మిత్రుని తండ్రిగారు రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న వృద్ధులు. వాకిట కుర్చీలో కూర్చొని, ఎదుటి వీధిలోకి లారీ రావడం చూసి మనుమణ్ణి హెచ్చరించారు: "బాబూ, గిడ్డంగి తలుపులు తీసినట్టున్నారు. బస్తాలు దింపుతారు. అటు ఆడుకోవడానికి వెళ్ళకు."

పదేళ్ళ ఆ పిల్లవాడు పకపకా నవ్వి, "గిడ్డంగి కాదు తాతా, గోడౌన్! నీకు పలకడం రాదు. గో అంటే వెళ్ళడం, డౌన్ అంటే కిందికి. సామాను కిందికి దించి పెడతారు కదా, అందుకని గోడౌన్" అన్నాడు.

"ఏమోరా, మాకు మీలాంటి చదువులెక్కడివి? నోరు తిరక్క అలా అనేస్తున్నామేమో" అని పెద్దాయన కూడా నవ్వి ఊరుకొన్నారు.

పిల్లవాడి మాటకు మేమూ నవ్వాము. కాని, జన్మంతా పలికిన మాట తప్పని ఆ పెద్దాయన అంత సులభంగా ఒప్పుకొనడం మాత్రం మాకు మనసున నాటుకొన్నది. ఇంటికి వచ్చి నిఘంటువులు తిరగవేశాము. తేలిన విషయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ముందుగా పిల్లవాడికి న్యాయం చేయాలి. అతడు చెప్పిన వ్యుత్పత్తి అతడొక్కడి ఊహ కాదు. పరభాషా పదం చెవిన పడినప్పుడు, తమకు తెలిసిన మాటలతో దానికి అర్థం కల్పించుకొనడం లోకసహజం. ఆంగ్లేయులు చేసినదీ అదే. తూర్పు రేవులలో విన్న ఒక మాటను తమ భాషలోని 'గో', 'డౌన్' అనే మాటల పోలికలోకి దించుకొన్నారు. ధాన్యాన్ని పాతరలలో దాచిన మన పూర్వులకు కూడా ఆ వివరణ సబబుగానే తోచి ఉండేది. అయితే మాట పుట్టుక అది కాదు. తొలినాటి వ్రాతలలో దాని రూపం 'గోడౌన్' కాదు. వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ యాత్రావృత్తాంతం 1588లో ఆంగ్లంలోకి వచ్చింది. అందులో పెగూ నగరం, అనగా నేటి మయన్మారులోని బగో, ప్రసక్తి వస్తుంది. అక్కడి ఇళ్ళు తేలికపాటి సామగ్రితో కట్టినవి కనుక తరచుగా ప్రమాదాలకు లోనయ్యేవనీ, విలువైన సరుకును కాపాడుకొనడానికి వర్తకులు ఇటుకలతో కట్టిన 'గోడన్'లో ఉంచేవారనీ ఆయన వ్రాశాడు. క్రిందికి దిగడమనే భావం అక్కడ లేదు. ఉన్నది గట్టి గోడల కట్టడం.

ఈ మాట ఐరోపా వారికి మలయ దేశపు రేవుల నుండి అందినది. 1511లో మలక్కాను పట్టుకొన్న పోర్చుగీసుల నాటి వ్రాతలలోనే ఇది కనిపిస్తుంది. మలయ భాషలో సరుకు దాచే కొట్టుకు 'గుదాంగ్' అని పేరు. ఇండోనేషియాలో నేటికీ 'గుదాంగ్' అంటే సరుకుల కొట్టు, 'గెదుంగ్' అంటే పెద్ద భవనం.

మరి మలయ వారికి ఎక్కడిది? హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ అనే ఇద్దరు పండితులు కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువు 1886లో వెలువడింది. భారతదేశంలోని ఆంగ్లేయుల నోట నలిగిన మాటలకు అది పెన్నిధి. బర్నెల్ మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసినవాడు, దక్షిణాది భాషలలో కృషి చేసినవాడు. గ్రంథం వెలువడక ముందే 1882లో కన్నుమూశాడు. ఆ నిఘంటువు 'గోడౌన్' అనే మాటకు మూలాన్ని దక్షిణ భారతంలో చూపించి, తెలుగు 'గిడ్డంగి'నీ, తమిళ 'కిడంగు'నూ పేర్కొన్నది. సరుకు పడి ఉండే చోటు అని వాటి అర్థమట. హిందీ, బెంగాలీలలోని 'గుదామ్' మాత్రం ఆంగ్లేయుల వాడుక నుండి వచ్చినదిగా తోస్తున్నదని కూడా అందులో ఉన్నది.

అంటే తాతగారి మాట మనుమని మాటకు వికృతి కాదు. మనుమని మాటే తాతగారి మాటకు దూరపు మనుమడు కావచ్చును.

ఇక్కడ కొంత నిగ్రహం అవసరం. లోకంలోని మంచి మాటలన్నీ మనవేనని చాటుకొనే ఉత్సాహం మనలో కొందరికి ఉన్నది. 1611లో మచిలీపట్నంలో దిగిన ఆంగ్లేయులు గిడ్డంగి అనే మాటను మన తీరంలోనే నేర్చుకొన్నారని చెప్పుకొంటే వినసొంపుగా ఉంటుంది. కాని అప్పటికి 23 ఏళ్ళ క్రితమే, పైన చెప్పిన 1588 నాటి పుస్తకంలో, పెగూ వర్ణనలో ఆ మాట ఆంగ్లంలో అచ్చయినది. అదీగాక 'పడి ఉండు' అనే అర్థమిచ్చే ధాతువు నేటి మన వాడుకలో వినబడదు. తమిళంలో 'కిడ' అనే క్రియగా అది సజీవంగా ఉన్నది. మన కాలనీలోని మలయాళీ మిత్రులు పడుకొనడాన్ని 'కిడక్కుగ' అనే అంటారు. కనుక ఈ ఆస్తిలో తమిళ సోదరులకు వాటా తప్పదు. ఆంగ్లంలోకి ఈ మాట మలయ రేవుల మీదుగా వచ్చినదనేది గట్టి మాట. మలయ భాషకు మన దక్షిణ తీరం నుండి చేరినదనేది పండితులు మొగ్గు చూపిన అభిప్రాయం. ఈ రెండింటినీ ఒకే తూకాన వేయరాదు.

అయినా ఆ అభిప్రాయానికి అనుకూలమైన పరిస్థితి చరిత్రలో కనిపిస్తుంది. కోరమండల్ తీరపు నేత బట్టలు ఓడలలో మలక్కాకు వెళ్ళేవి. అక్కడి నుండి లవంగాలు, జాజికాయ, జాపత్రి వచ్చేవి. ఆనాటి తెరచాప ఓడ గాలికి లోబడినది. ఒక ఋతువు గాలితో వెళ్ళినవారు, గాలి తిరిగే వరకు నెలల తరబడి పరాయి రేవులో కాచుకొని ఉండవలసినదే. అన్నాళ్ళూ బట్టల మూటలు ఎక్కడో ఒకచోట భద్రంగా పడి ఉండాలి కదా! సరుకుతో పాటు, సరుకు ఉంచే చోటి పేరు కూడా ఆ రేవులో దిగి ఉంటే ఆశ్చర్యం లేదు.

ఇటుకల గోడల మాట వచ్చినది కనుక గుఢియారీకి దగ్గరి పోలిక ఒకటి చెప్పాలి. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఇంటిలో ధాన్యం దాచుకొనే గాదెను 'కోఠీ' అంటారు. పుష్య పూర్ణిమనాడు జరిగే ఛేర్‌ఛేరా పండుగలో పిల్లలు ఇంటింటికీ వెళ్ళి ఆ కోఠీలోని ధాన్యాన్నే అడుగుతారు. 'కోఠీ' సంస్కృత 'కోష్ఠం' నుండి వచ్చిన మాట. హిందీలో అదే మాటకు పెద్ద భవంతి అనే అర్థమూ ఉన్నది. హైదరాబాదులోని కోఠీకి ఆ పేరు వచ్చినది బ్రిటిష్ రెసిడెంటు భవనం వల్లనే. మలయ భాషలో వలెనే ఇక్కడా సరుకుల కొట్టుకూ, గొప్ప భవనానికీ చుట్టరికం కలిసినది. ధాన్యం పెట్టిన చోటు గట్టిగా ఉండాలనే జాగ్రత్త ఏ దేశంలోనైనా ఒక్కటే. లేకుంటే గాదె కింద పందికొక్కులకు పండుగే!

తూర్పు దేశాలలో 'గోడౌన్' కు మంచి కాలం నడిచినది. హాంకాంగ్‌లో 1886లో, అనగా ఆ నిఘంటువు వెలువడిన ఏడాదే, స్థాపించిన ఒక పెద్ద రేవు సంస్థ తన పేరులోనే 'గోడౌన్' అని పెట్టుకొన్నది. సింగపూర్ నదీతీరపు పాత గోడౌన్లు అనేకం ఇప్పుడు భోజనశాలలుగా మారినాయి. కాని సామాన్య ఆంగ్లేయునికీ, అమెరికా వాసికీ ఈ మాట పరిచితం కాదు. వారు 'వేర్‌హౌస్' అంటారు. మన దేశంలోనూ కొత్త కంపెనీల ఫలకాల మీద 'వేర్‌హౌస్' చోటు చేసుకొంటున్నది. తాతగారి మాటను వెక్కిరించిన 'గోడౌన్' కు కూడా రేపు ఇదే గతి పట్టవచ్చును.

అన్నిటికంటె విచిత్రం ఈ మాట ఇంటికి తిరిగి వచ్చిన తీరు. 1957లో ఏర్పడిన సెంట్రల్ వేర్‌హౌసింగ్ కార్పొరేషన్‌ను తెలుగులో 'కేంద్ర గిడ్డంగుల సంస్థ' అంటున్నాము. తెలుగు పత్రికలలోనూ, వ్యవసాయ శాఖ కాగితాలలోనూ గిడ్డంగులు నేటికీ పదిలంగా ఉన్నాయి. వాటిని చూసి, 'గోడౌను' కు ఎవరో పండితులు కూర్చొని కల్పించిన అనువాదమే 'గిడ్డంగి' అని భ్రమపడేవారూ లేకపోలేదు. గుఢియారీలో మాత్రం ఒకే కట్టడానికి మూడు పేర్లు విన్నాము. ఫలకం మీద 'గోదామ్', పిల్లవాడి నోట 'గోడౌన్', తాతగారి నోట 'గిడ్డంగి'. మొదటి రెండింటికీ బడి ఉన్నది, బజారు ఉన్నది. మూడవదానికి ఆ వాకిటి కుర్చీ తప్ప మరొక ఆధారం లేదు.

అందుకే ఆలస్యం చేయక మళ్ళీ వెళ్ళాము. పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఓడల సంగతీ, పెగూ ఇటుకల ఇంటి సంగతీ చెప్పాము. అతడు శ్రద్ధగా విని, "అయితే తాత చెప్పిందే ముందా?" అని అడిగాడు. కావచ్చునన్నాము. పెద్దాయన ఏమీ అనలేదు. కొంతసేపటికి మనుమణ్ణి దగ్గరకు పిలిచి, తమ ఊరిలో ధాన్యం పాతర ఎలా తవ్వేవారో, దానిలో గడ్డి ఎలా పరిచేవారో చెప్పనారంభించారు. 'పాతర' అంటే ఏమిటని పిల్లవాడు అడిగాడు. ఆ మాట అతడు వినడం అదే మొదటిసారి.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంటి పెద్దలు ధాన్యాన్నీ, సరుకులనూ దాచుకొనే చోటును ఏయే పేర్లతో పిలిచేవారో అడిగి మాకు వ్రాయండి. పిల్లల చేత అడిగించి, వారి చేతనే వ్రాయిస్తే మరీ సంతోషం.